గురజాడ పాట జాతీయ గీతం కాకపోవడమే మంచిదైంది

ఈ శీర్షిక చూసి మా విజయనగరం వాళ్ళు నన్ను గంటస్తంభం దాటి లోపలికి రానివ్వరేమో. అయినా రాయక తప్పడం లేదు. రెండు వారాలుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

సెప్టెంబరు 21న గురజాడ జయంతి సభకి వెళ్ళాను. ఏటా వెళ్తాను. దండలు, దీపం, ఎవరో ఒకరు పద్యం మర్చిపోవడం, వెనకాల కుర్చీల్లో మేం నలుగురం అందివ్వడం, అంతా మామూలే. ఈసారి వక్త రిటైరైన లెక్చరరు గారు. మంచి గొంతు. చివరికొచ్చేసరికి ఊపందుకున్నారు. “జనగణమన ఐదో జార్జి చక్రవర్తిని పొగుడుతూ 1911లో రాసిన పాట. అంతకి ఏడాది ముందే మా అప్పారావుగారు దేశమంటే మట్టి కాదు, మనుషులు అని రాసేరు. తెలుగులో పుట్టడమే ఆ పాట చేసుకున్న పాపం. వేరే భాషలో పుట్టుంటే ఈపాటికి దేశమంతా లేచి నిలబడి పాడుతుండేది” అన్నారు. హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగానే.

పక్కన మా బావ ఉన్నాడు. వాళ్ళది ఇచ్ఛాపురం. పని మీద వచ్చి, ఊరికే కూర్చోలేక నాతో సభకొచ్చాడు. బయటికి వచ్చి టీ తాగుతుండగా తాపీగా అన్నాడు. “ఏటి బావా, అంత గట్టిగా కొట్టేవు చప్పట్లు! రేపు పదిహేనో ఆగస్టున గుంటలందరూ లైన్లో నిలబడి, జెండాకి సెల్యూట్ కొట్టి, దేశాభిమానం ఉందని వట్టి గొప్పలు చెప్పుకోకోయ్ అని పాడాలంటావా?”

నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు ఆగింది. నిజమే కదా. ఆ పాట మధ్యలోనే ఆ మాట ఉంది. దేశభక్తి ఉందని ఊరికే చెప్పుకోకు, ఏదైనా ఒక మంచి పని చేసి జనానికి చూపించు అంటాడాయన. నిటారుగా నిలబడి, అందరూ చూస్తుండగా, అందరితో కలిసి దేశభక్తి చాటుకునే సందర్భానికి ఆ పాట పనికొస్తుందా? ఆ సందర్భాన్నే వెక్కిరించే పాట అది.

ముందు జార్జి సంగతి

దీన్ని తొందరగా తేల్చేస్తాను. వాట్సాప్ పుణ్యమా అని ఇది తెలియనివాళ్ళు లేరు గాబట్టి. 1911 డిసెంబరు 12న జార్జి పట్టాభిషేకానికి ఢిల్లీ దర్బారు. అదే నెల 27న కలకత్తా కాంగ్రెసు సభల్లో జనగణమన మొదటిసారి పాడారు. ఆ రోజు సభ కార్యక్రమంలో చక్రవర్తికి స్వాగతం చెప్పే తీర్మానం కూడా ఉంది. రాజుగారి మీద రాంభుజ్ చౌధురి రాసిన హిందీ పాట వేరే ఉంది. ఇంగ్లీషు పత్రికలు రెంటినీ కలిపేసి, టాగోర్ పాటే రాజుగారి కోసమని రాసేశాయి. నెల తిరక్కుండానే, 1912 జనవరిలో, ఇదే పాట బ్రహ్మసమాజం వాళ్ళ తత్త్వబోధినీ పత్రికలో బ్రహ్మసంగీతంగా, అంటే దేవుడి పాటగా, అచ్చయింది.

టాగోర్ 1937లో ఒక ఉత్తరంలో అసలు విషయం చెప్పాడు. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి, ఆయన స్నేహితుడే, రాజు మీద పాట రాయమని అడిగాడట. ఆ మాటకి ఒళ్ళు మండి, యుగయుగాలుగా ఈ దేశపు రథం తోలుతున్న భాగ్యవిధాతకి జయం పలికాను, ఆ సారథి ఏ జార్జీ కాలేడు అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఇంకో ఉత్తరంలో, నన్నంత తెలివితక్కువవాడిగా అనుకునేవాళ్ళకి జవాబు చెప్పడం నన్ను నేను అవమానించుకోవడమే అని విసుక్కున్నాడు.

నన్ను ఒప్పించింది ఉత్తరాలు కాదు, పాటే. మనం పాడేది మొదటి చరణం. మొత్తం ఐదున్నాయి. మూడో దాంట్లో ‘చిరసారథి’ ఉన్నాడు. నాలుగో దాంట్లో ‘స్నేహమయీ తుమి మాతా’ అని ఉంది. గడ్డమూ మీసమూ ఉన్న ఐదో జార్జిని పట్టుకుని ‘ప్రేమగల తల్లివి నువ్వు’ అని ఎవడూ పొగడడు కదా.

అలాగని అవతలివాళ్ళకి అసలు పట్టు లేదనీ అనను. ఐదో చరణం చివర ‘జయ రాజేశ్వర’ అని ఉంది. ఇది చదివినప్పుడు నాకూ కాస్త గుచ్చుకుంది. బావకి చూపిస్తే “రాజేశ్వరుడంటే శివుడు కదేటి?” అన్నాడు. మన చెవికి అలా వినపడుతుంది. టాగోర్ ఉద్దేశం రాజులకే రాజైనవాడు అనే, దేవుడనే. కానీ దర్బారు జరిగిన పదిహేను రోజులకి ఆ మాట విన్నవాడు ఇంకోలా అనుకుంటే వాణ్ణి మూర్ఖుడనలేం. పైగా పాతికేళ్ళు ఊరుకుని 1937లో ఎందుకు చెప్పాడు అంటే నా దగ్గర జవాబు లేదు. అయినా మొగ్గు ఎటో స్పష్టంగానే ఉంది. లెక్చరరు గారి వాదంలో ఈ సగం నిలవదు.

ఓటు పెట్టలేదు

ఇక రెండో సగం. తెలుగు పాట గాబట్టి ఢిల్లీలో మూల పడేశారన్నది. అసలు ఏ పాటనైనా అక్కడ వరసలో పెట్టి, చదివి, అర్థాలు బేరీజు వేసి ఎంచుకున్నారా అని చూస్తే అలాంటిదేమీ కనపడదు.

1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభలకి వెళ్ళిన మన ప్రతినిధుల్ని, ఒక సందర్భంలో ఆర్కెస్ట్రా వాయించడానికి మీ జాతీయ గీతం ఏదో ఇమ్మన్నారు. ‘గాడ్ సేవ్ ది కింగ్’ వాయించే రోజులు పోయాయి, కొత్త పాట ఇంకా రాలేదు. వాళ్ళ దగ్గర జనగణమన రికార్డు ఒకటి ఉంది. ఇచ్చారు. ఆర్కెస్ట్రా సాధన చేసి వాయిస్తే విన్నవాళ్ళు మెచ్చుకుని స్వరలిపి అడిగారట. ఆ తర్వాత రాష్ట్రాల గవర్నర్లకి నెహ్రూ ఉత్తరాలు రాస్తే, సెంట్రల్ ప్రావిన్సెస్ గవర్నరు తప్ప అందరూ సరే అన్నారు. ఇదంతా నెహ్రూ 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో చెప్పాడు. వందేమాతరం పోరాటంలో పుట్టిన వేదన ఉన్న పాట, దాని గౌరవం దానిదే అని చెబుతూనే అసలు మాట అక్కడే అన్నాడు. జాతీయ గీతానికి మాటలుంటాయి గానీ అది అంతకంటే ఎక్కువగా ఒక బాణీ, బ్యాండ్లూ ఆర్కెస్ట్రాలూ తరచూ వాయిస్తాయి, పాడేది అరుదు అన్నాడు.

1950 జనవరి 24న రాజ్యాంగ సభలో రాజేంద్ర ప్రసాద్ లేచి ఒక ప్రకటన చదివాడు. జనగణమన జాతీయ గీతం, మాటల్లో మార్పులు అవసరమైతే ప్రభుత్వం చేసుకోవచ్చు, స్వాతంత్ర్య పోరాటంలో చరిత్ర ఉన్న వందేమాతరానికి సమాన గౌరవం. అంతే. తీర్మానం లేదు, చర్చ లేదు, ఓటు లేదు. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ రోజే రాజ్యాంగం మీద సంతకాలు పెట్టారు.

ఒకప్పుడు ఇది నాకు అన్యాయంగా తోచేది. ఒక్కో అధికరణం మీద రోజుల తరబడి వాదించుకున్న సభ, పాట విషయంలో నోరెత్తకపోవడమేమిటి? ఇప్పుడు ఆ తెలివికి దండం పెడుతున్నాను. ఓటు పెడితే ఒకటి గెలిచేది, ఒకటి ఓడేది. ఏ జిల్లా ప్రతినిధి ఎటు చెయ్యెత్తాడో ఈనాటికీ తవ్వుకుంటూ ఉండేవాళ్ళం. వందేమాతరానికి 150 ఏళ్ళు నిండిన సందర్భంలో కూడా ఎంత రభస జరిగిందో చూశాం కదా. ఓడిపోయిన పాటగా లెక్క రాసి ఉంటే ఇంకెలా ఉండేదో!

బాణీ ముఖ్యం అన్న మాట దగ్గర నాకు మా ఊరి మిత్రుడొకడు అక్కరకొచ్చాడు. మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవాడు. గురజాడ పాట బ్యాండు వాయించగలదా అని అడిగాను. తొడ మీద తాళం వేసి చూపించాడు. “దేశ - మును ప్రే - మించు - మన్నా. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. మిశ్రగతి. జనగణమన నాలుగు నాలుగుగా పోతాది, శంకరాభరణం ఛాయ, ఏ దేశం బ్యాండుకిచ్చినా వాయించెస్తాది. నీ గురజాడ పాటకి కవాతు చేయించు, సిపాయిలందరూ కుంటుతారు.”

కుంటే నడక అన్నమాట నాకెంత నచ్చిందో! ఆ ఏడు మాత్రల నడక జముకుల కథ చెప్పేవాళ్ళకి కష్టం కాదు, దంపుళ్ళ పాట పాడేవాళ్ళకి కష్టం కాదు. బూట్లకే కష్టం.

ద్రావిడకీ ఉత్కళకీ మధ్య

నేను చదువుకున్నది శ్రీకాకుళం జిల్లాలో, నరసన్నపేట వైపు ఒక పల్లెటూరి బళ్ళో. మా తెలుగు వాచకం వెనక అట్ట మీద ‘ద్రావిడ ఉత్కళ వంగ’ అని ఉండేది. వంగ అంటే మాకు వంగ మొక్కే. వంకాయలు పాటలోకి ఎందుకొచ్చాయో ఎవరూ చెప్పలేదు. ఇంకో వర్గం వాదన వేరే. ఆ మాట దగ్గర వంగాలి అని. వెనక లైన్లో ఒకడు కచ్చితంగా ‘వంగ’ దగ్గర నడుం వంచేవాడు, డ్రిల్లు మాస్టారి బెత్తం ఆ వంగిన చోటే పడేది. అది బెంగాల్ అని నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. తెలిసి చిన్నబుచ్చుకున్నాను కూడా. వంకాయే బాగుంది.

ఇచ్ఛాపురంలో మా బావ మనవడు మొన్న నన్నడిగాడు. “తాతా, ఇందులో మన ఆంధ్రా ఏదీ?” ద్రావిడ అంటే మనమేరా అన్నాను. “మరి ఉత్కళ?” బాహుదా నది అవతలికి చెయ్యి చూపించాను. వాడికి తృప్తి కలగలేదు. పక్కింటి వాళ్ళు ఒడియావాళ్ళు, వాళ్ళ పేరు పాటలో సొంతంగా ఉంది, మనది ఏదో ఉమ్మడి పేరు. చిన్నపిల్లాడైనా లెక్క సరిగానే పట్టాడు.

ఆ లెక్కకి కారణం వెతికితే కాలంలో దొరుకుతుంది. ఉత్కళ సమ్మేళనం 1903లోనే మొదలైంది. ఒడియా మాట్లాడేవాళ్ళందరికీ ఒక రాష్ట్రం అన్న కోరిక కలకత్తాలో అందరికీ తెలుసు. మన మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది 1913లో, అంటే పాట పుట్టిన రెండేళ్ళకి. 1911లో మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక మూల. ఇచ్ఛాపురం గంజాం జిల్లా. ఒడిశా రాష్ట్రం ఏర్పడిన 1936లో గీత గీస్తే పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఇంకా వింత, పాట జాతీయ గీతమైన రోజుకి శ్రీకాకుళం జిల్లాయే లేదు. అది 1950 ఆగస్టు 15న పుట్టింది. విజయనగరం జిల్లా అయితే 1979 దాకా లేదు. పాటలో మన పేరు లేదని అలిగితే అలగొచ్చు గానీ, అప్పటికి మనకే మన పేరు ఖాయం కాలేదు. అస్సాం లేదు, కన్నడం లేదు, మలయాళం లేదు. గంగా యమునలున్నాయి, నాగావళీ వంశధారా లేవు. అది పాట, జనాభా లెక్కల పుస్తకం కాదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళ ముచ్చట ఒకటి చెప్పాలి. జాతీయ చిహ్నం ఏది కనపడినా దానికి మన ఊరొకటి తగిలించకుండా ఉండలేం. జెండా అంటే పింగళి వెంకయ్యగారి కృష్ణా జిల్లా. జనగణమనకి టాగోర్ ఇంగ్లీషు అనువాదం చేసింది 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో, స్వరలిపి కట్టింది అక్కడే మార్గరెట్ కజిన్స్. కాబట్టి చిత్తూరు వైపు వాళ్ళు ఊరుకోరు. ఉత్తరాంధ్రకి ఏమీ లేదనే దిగులు ఆ జయంతి సభ చప్పట్లలో ఉందని నా అనుమానం. కానీ మనకీ ఒకటుంది, దాని కథే ఈ వాదంలో నాకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం.

మింగేసే గౌరవం

‘భారతదేశం నా మాతృభూమి’ అని ప్రార్థనలో చెయ్యి చాపి చెప్పిన ప్రతిజ్ఞ తెలుగులోనే పుట్టింది. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు రాశారు. ఆయనది నల్గొండ జిల్లా అన్నెపర్తి. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం ద్వారా అది అప్పటి విద్యాశాఖ మంత్రికి చేరింది. ఆ మంత్రి ఎవరు? మా విజయనగరం రాజావారు, పి.వి.జి. రాజు. విశాఖ బళ్ళో మొదటిసారి చదివించారు, అక్కణ్ణుంచి దేశమంతా పాకి, 1965 జనవరి 26 నుంచి అన్ని భాషల్లోకీ వెళ్ళింది. తెలుగులో పుట్టబట్టి మూల పడిందన్న వాదానికి ఇంతకంటే జవాబేముంది?

అయితే దానికేమైందో చూడండి. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకంలో రాసినవారి పేరు లేదు. కోట్ల మంది పిల్లలు రోజూ చెప్పారు, ఒక్కరికీ ఎవరు రాశారన్న ప్రశ్నే రాలేదు. నాకూ రాలేదు. ప్రతిజ్ఞంటే ప్రతిజ్ఞే, దానికి రచయిత ఉంటాడని ఎవరనుకుంటారు? ప్రభుత్వం నెత్తిన పెట్టుకున్న మాటలకి మొదట పోయేది రచయిత. తర్వాత పోయేది అర్థం. జనగణమనలో రచయిత మిగిలాడు, నాలుగు చరణాలు పోయాయి. అసలు పాటలో రెండోది హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పారశీకులు, ముసల్మానులు, క్రైస్తవులు అని పేరుపేరునా పిలిచే చరణం. మనలో ఎంతమంది విన్నాం? మిగిలిన ఒక్క చరణాన్నీ 52 సెకన్లు అని కొలుస్తాం. పాటని సెకన్లలో కొలవడం మొదలెట్టాక మాటలకి ఇక పనేముంటుంది?

2017లో విజయనగరంలో ఒక సినిమా హాలుకి వెళ్ళాను. సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం ఆట ముందు గీతం వేసే రోజులు. మా ముందు వరసలో ఒక పెద్దాయన, చేతికర్ర ఉంది, లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. లేవలేకపోతున్నాడు. వెనక నుంచి ఒక కుర్రాడు “లెగండి, లెగండి!” అని గదమాయించాడు. పెద్దాయన కుర్చీ చేతులు పట్టుకుని పూర్తిగా నిలబడేసరికి చివరి జయహే అయిపోయింది, మళ్ళీ కూర్చున్నాడు. నేను అటెన్షన్లో ఉన్నాను. పలకలేదు, కదలలేదు. నా దేశభక్తికి ఆ 52 సెకన్లూ ఏ భంగమూ రాలేదు. పక్కవాడికి తోడుపడమన్న గురజాడ పద్యం నాకు నోటికొచ్చు, ఆ సంగతి హాలు బయటికొచ్చాక గుర్తొచ్చింది. 2018 జనవరిలో కోర్టే ఆ నిబంధన సడలించింది.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఉదాహరణ కేరళ పిల్లలది. 1985లో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకి చెందిన ముగ్గురు పిల్లలు బళ్ళో గీతం వచ్చినప్పుడు మర్యాదగా నిలబడ్డారు గానీ పాడలేదు. మా దేవుడికి తప్ప ఇంకెవరికీ స్తుతి పాడం అన్నారు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అని ముగించారు. నాకు తట్టిందేమిటంటే, మొత్తం ఈ గొడవలో ఆ పాట మాటలకి అర్థముందని పట్టించుకున్నది ఆ ముగ్గురే. మేం ‘వంగ’ దగ్గర వంగిన బాపతు.

వంటింట్లో పాట

“అయితే జాతీయ గీతానికి అర్థం అక్కర్లేదంటావా?” అని వయొలిన్ మిత్రుడు నిలదీశాడు. అక్కర్లేదనను. ఉండదంటాను. స్పెయిన్ గీతానికి అసలు మాటలే లేవు, వాళ్ళకి దేశం లేకుండా పోలేదు. అందరూ కలిసి లేవడానికి, కలిసి ఒక నిమిషం ఊరుకోవడానికి ఒక బాణీ కావాలి, జనగణమన ఆ పని చక్కగా చేస్తోంది. వినగానే నాకు ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆ పనికి గురజాడని పంపొద్దు అనే నా మనవి.

ఎందుకంటే ఆయన పాట ఇంకా బతికి తిరుగుతోంది. మా అమ్మ నాకు చద్దన్నం ముద్దలు పెడుతూ ‘తిండి కలిగితె కండ కలదోయ్’ అనేది. ఆవిడ బడికెళ్ళింది మూడో తరగతి దాకానే. అది దేశభక్తి గీతమని ఆవిడకి తెలుసో లేదో. జనగణమన పాడి పిల్లాడికి అన్నం తినిపించలేం. పాడితే వాడు కంచం వదిలి లేచి నిలబడతాడు! యూనియన్ మీటింగుల్లో ఆ పాట వాడతారు, పెళ్ళి శుభలేఖ మీద వాడతారు, ఎన్నికల్లో అన్ని పార్టీలూ వాడతాయి, అప్పివ్వని పక్కింటాయన్ని దెప్పడానికి ‘సొంత లాభం కొంత మానుకు’ అంటాం. తప్పు పాడినా కేసు పెట్టేవాడు లేడు. మధ్యలో ఆపి నవ్వినా ఎవరూ కొట్టరు. తెలంగాణలో అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైనప్పుడు బాణీ ఎవరు కట్టాలి, కట్టినవాడు ఎక్కడివాడు అని ఎంత పంచాయితీ జరిగిందో మనందరికీ గుర్తే. గురజాడ పాటకి ఆ బెడద లేదు. ఎవడికి తోచిన బాణీ వాడిది.

ఇందులో నాకూ ఒక బాధ లేకపోలేదు. రోజూ పొద్దున్నే దేశమంతా పిల్లలు దేశమంటే మనుషులని అంటే ఎంత బాగుండును అని మనసు లాగుతుంది. ఒక్క పదేళ్ళు అన్నా ఏదో మారుతుందేమో. తర్వాత వెంటనే ప్రతిజ్ఞ గుర్తొస్తుంది. భారతీయులందరూ నా సహోదరులు అని మా క్లాసు మొత్తం పదేళ్ళు రోజూ అన్నాం. అందులో కొందరు ఊరి చివర పేట పిల్లల్ని పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు.

ఇదంతా రాసుకున్నాక, వెనకాల మాట్లాడినట్టు ఉండకూడదని ఆ లెక్చరరు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. జార్జి సంగతి మళ్ళీ చదువుతానన్నారు. గీతం సంగతి ఒప్పుకోలేదు. చివర్లో, “అది సరేనండీ, మరి ఆ రోజు మీరెందుకు కొట్టేరు చప్పట్లు? స్టేజీ మీద నుంచి చూసేను, మూడో వరసలో మీరే గట్టిగా కొట్టేరు” అన్నారు.

“అందరూ కొట్టేరని మాస్టారూ” అన్నాను.